భాగం - 9: నిమ్మజాతి పండ్లతో పొరల చల్లని డెజర్ట్

విషయక్రమం

9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 పండు ఎంపిక
9.3 పులుపు, చేదు: రసం స్వభావం
9.4 గట్టిపరిచే పదార్థాలు
9.5 తయారీ విధానం
9.6 తరచుగా ఎదురయ్యే లోపాలు, కారణాలు
9.7 గట్టిదనం వేరు, భద్రత వేరు
9.8 కృత్యం
9.9 సారాంశం
9.10 కీలక పదాలు
9.11 అవగాహన ప్రశ్నలకు సమాధానాలు
9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- పొరల డెజర్ట్‌కు అనువైన నిమ్మజాతి పండ్లను ఎంపిక చేసుకోగలుగుతారు.
- పాలు విరగడానికి, బత్తాయి రసం చేదెక్కడానికి కారణాలు వివరించగలుగుతారు.
- జెలటిన్, చైనా గ్రాస్, మొక్కజొన్న పిండి గట్టిపడే తీరులోని తేడాలను పోల్చి చెప్పగలుగుతారు.
- మూడు పొరల బత్తాయి డెజర్ట్‌ను ఇంట్లో తయారుచేయగలుగుతారు.
- వేడి ప్రాంతాల్లో చల్లని తీపి పదార్థాలను సురక్షితంగా నిలవ ఉంచే పద్ధతులను పాటించగలుగుతారు.

9.1 పరిచయం

భోజనం చివర తినే తీపి పదార్థాన్ని డెజర్ట్ అంటారు. మన ఇళ్లలో పాయసం, పరమాన్నం, హైదరాబాదు విందుల్లో డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా ఈ కోవకు చెందినవే. ఖుబానీ కా మీఠాలో కింద ఎండు ఆప్రికాట్ గుజ్జు, దాని పైన మీగడ ఉంటాయి. రెండు రుచులు కలిసిపోకుండా ఒకదాని మీద ఒకటి నిలిచి, చెంచాలోకి మాత్రం కలిసి వస్తాయి. పొరల డెజర్ట్ అంటే ఇదే. కింద కరకరలాడే పొర, మధ్యలో మెత్తని పొర, పైన పండు రుచి తెలిసే పొర ఉండేలా చేసి, చల్లబరచి వడ్డిస్తారు.

వంటల పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే ఇలాంటి వంటకాల్లో చాలావరకు చల్లని దేశాల వంటగదులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిలో "గది ఉష్ణోగ్రత వద్ద ఉంచండి" అని ఉంటే 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న గది అని అర్థం. మీ గది అలాంటిది కాకపోవచ్చు. అందువల్ల ఈ భాగంలో చండ్రుగొండను ఉదాహరణగా తీసుకుంటున్నాం. చండ్రుగొండ ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. చుట్టూ అడవి, గుట్టలు, వాటి మధ్య పొలాలు, తోటలు ఉన్న ప్రాంతం. మే నెలలో ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల కప్పు కింద పొయ్యి వెలిగించిన వంటగదిలో వేడి ఇంకా ఎక్కువ. దీనికి తోడు గాలిదుమారం వస్తే కరెంటు పోతుంది.

ఇలాంటి చోట చల్లని డెజర్ట్ చేయాలనుకునే వారికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. పొరలు నిలబడతాయా? నిలబడినా, తినడానికి సురక్షితంగా ఉంటాయా? ఈ రెండూ ఒకే ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. కానీ ఇవి వేర్వేరు ప్రశ్నలు. గట్టిపడటం ఒక పదార్థ ధర్మం. సురక్షితంగా ఉండటం చల్లదనం మీద, సమయం మీద, శుభ్రత మీద ఆధారపడే విషయం. ఈ భాగమంతటా ఈ తేడాను గుర్తుంచుకోండి.

9.2 పండు ఎంపిక

నిమ్మజాతిలో మనకు దొరికే పండ్లు అనేకం. నిమ్మ, గజనిమ్మ, దబ్బ, నారింజ, పంపరపనస, కమలా, బత్తాయి వీటిలో ముఖ్యమైనవి. దబ్బ, నారింజ పులుపు ఎక్కువగా ఉండి పచ్చళ్లకు, పులిహోరకు అనువుగా ఉంటాయి. కమలా పండు తొనలు సులువుగా విడివడతాయి కాబట్టి అలంకరణకు పనికొస్తుంది. ఎక్కువ రసం, తక్కువ పులుపు కావాలంటే బత్తాయి మంచిది.

మన దగ్గర ఎక్కువగా పండించే బత్తాయి రకం సాత్‌గుడి. రాయలసీమలో దీన్నే చీనీ అంటారు. హైదరాబాదులో మోసంబి అన్న పేరు ఎక్కువగా వినిపిస్తుంది. తెలంగాణలో నల్లగొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం జిల్లా బత్తాయి తోటలకు పేరు పొందాయి. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ప్రధాన పంట మార్కెట్‌కు వస్తుంది. ఎండాకాలం ముందు వచ్చే రెండో పంటను కత్తెర పంట అంటారు. ఎండాకాలం డెజర్ట్‌కు మీకు దొరికేది ఎక్కువగా ఈ కాయే.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. సాత్‌గుడి కాయ తొక్క ఆకుపచ్చగా ఉన్నా లోపల పక్వానికి వచ్చి ఉండవచ్చు. చేతిలోకి తీసుకుని బరువు చూడండి. ఒకే పరిమాణంలో ఉన్న రెండు కాయల్లో బరువైనదానిలో రసం ఎక్కువగా ఉంటుంది. తొక్క ముడతలు పడి, మెత్తబడిన కాయను వదిలేయండి.

రుచికి నిమ్మ, రసానికి బత్తాయి అన్నది ఈ వంటకంలో మనం పాటించే సూత్రం. బత్తాయి ఒక్కటే వాడితే తీపి చప్పగా అనిపిస్తుంది. కొద్దిగా నిమ్మరసం, నిమ్మతొక్క తురుము చేరితే ఆ తీపికి పదును వస్తుంది. సువాసననిచ్చే నూనె రసంలో కంటే తొక్క పైపొరలోని సన్నని తిత్తుల్లో ఎక్కువగా ఉంటుంది. అందుకే నిమ్మకాయ తొక్కను గోటితో గీరితే వాసన గుప్పుమంటుంది. తురిమేటప్పుడు రంగున్న పైపొరను మాత్రమే తురమాలి. దాని కింద ఉన్న తెల్లని పొర చేదుగా ఉంటుంది.

9.3 పులుపు, చేదు: రసం స్వభావం

ఈ వంటకంలో వచ్చే ఇబ్బందులు చాలావరకు రసం స్వభావం వల్ల వచ్చేవే. వాటిని ముందే తెలుసుకుంటే తయారీలో ప్రతి అడుగూ ఎందుకు వేస్తున్నామో అర్థమవుతుంది.

9.3.1 పాలు విరగడం

పాల పి.హెచ్. విలువ సుమారు 6.6. నిమ్మరసం పి.హెచ్. 2 నుంచి 2.6 వరకు ఉంటుంది. పాలలో నిమ్మరసం పడి పి.హెచ్. 4.6 దగ్గరకు దిగితే పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలవుతాయి. పాలు విరగడం అంటే ఇదే. పన్నీరు చేసేటప్పుడు మనకు కావలసింది ఇదే అయినా, నున్నగా ఉండవలసిన డెజర్ట్ పొరలో ఇది లోపం.

దీనికి సులువైన పరిష్కారం మన వంటింట్లోనే ఉంది. పాలకు బదులు పెరుగు వాడండి. పెరుగు తోడుకునేటప్పుడే కేసిన్ గడ్డకట్టింది. అందువల్ల దానిలో చెంచాడు నిమ్మరసం కలిపినా కొత్తగా విరిగేదేమీ ఉండదు. నీరు వడకట్టిన చిక్కటి పెరుగు మీగడలా నున్నగా ఉంటుంది.

9.3.2 రసం చేదెక్కడం

బత్తాయి రసం తీయగానే తియ్యగా ఉంటుంది. కొన్ని గంటల తరవాత రుచి చూస్తే చేదు తగులుతుంది. పండు చెడిపోయిందని, గిన్నె మంచిది కాదని అనుకుంటాం. అసలు కారణం లిమోనిన్ అనే పదార్థం. పండు పిండకముందు ఇది చేదులేని రూపంలో గింజల్లో, తెల్లని పొరలో, తొనల గోడల్లో ఉంటుంది. రసం పిండినప్పుడు కణాలు చితికి ఆ పదార్థం పులుపుతో కలుస్తుంది. అప్పుడది క్రమంగా చేదు లిమోనిన్‌గా మారుతుంది. వేడి చేస్తే ఈ మార్పు త్వరగా జరుగుతుంది.

దీని నుంచి మూడు నియమాలు వస్తాయి. ఒకటి, గింజలు చితకకుండా, గట్టిగా నొక్కకుండా రసం తీసి వెంటనే వడకట్టాలి. మిక్సీలో తొనలు వేసి తిప్పకూడదు. రెండు, రసాన్ని అన్ని పనులు అయ్యాక చివర తీయాలి. మూడు, రసాన్ని పొయ్యి మీద పెట్టకూడదు. వేడి చేయకపోవడం వల్ల విటమిన్-సి నష్టం కూడా తగ్గుతుంది.

అవగాహనను పరీక్షించుకోండి - I

గమనిక: మీ సమాధానాలను నోటుపుస్తకంలో రాసి, 9.11లో ఇచ్చిన సమాధానాలతో పోల్చుకోండి.

1. నిమ్మరసం కలిపే పొరలో పాలకు బదులు పెరుగు ఎందుకు వాడతాం?
2. బత్తాయి రసంలో ఆలస్యంగా వచ్చే చేదుకు కారణమైన పదార్థం ఏది?

9.4 గట్టిపరిచే పదార్థాలు

ద్రవాన్ని ముద్దగా నిలబెట్టడానికి ఇళ్లలో ప్రధానంగా మూడు పదార్థాలు వాడతారు.

జెలటిన్: ఇది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే మాంసకృత్తు. శాకాహారులకు పనికిరాదు. గట్టిపడటానికి ఫ్రిజ్ చల్లదనం కావాలి. 30 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. నోటిలో పెట్టుకోగానే కరగడం దీని గొప్పతనం. నోటి వేడి 37 డిగ్రీలు కాబట్టి అలా కరుగుతుంది. అయితే మే నెలలో చండ్రుగొండ ఇంటి వరండా నోటికంటే వేడిగా ఉండవచ్చు. అంటే నోటిలో కరగవలసినది బల్ల మీదే కరిగి, పొరలు కలిసిపోతాయి.

మొక్కజొన్న పిండి: దీనిలోని పిండిపదార్థపు రేణువులు సుమారు 62 నుంచి 72 డిగ్రీల మధ్య నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే పాలు చిక్కబడతాయి. 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ తయారుచేసిన కస్టర్డ్ పొడికి ఆధారం ఇదే. గుడ్లు పడని తన భార్య కోసం ఆయన గుడ్డు లేని కస్టర్డ్‌ను రూపొందించాడు. ఈ పిండిని పుల్లటి రసంతో కలిపి ఎక్కువసేపు ఉడికిస్తే పులుపు పిండిపదార్థాన్ని విడగొట్టి మిశ్రమాన్ని పలచబరుస్తుంది. పైగా దీనితో చేసిన పొర పారదర్శకంగా ఉండదు.

చైనా గ్రాస్: దీని అసలు పేరు అగర్. ఎర్రటి సముద్రపు నాచు నుంచి తీస్తారు కాబట్టి శాకాహారం. కిరాణా దుకాణాల్లో తెల్లని పోగులుగా గానీ, పొడిగా గానీ దొరుకుతుంది. నీటిలో వేసి మరిగిస్తేనే పూర్తిగా కరుగుతుంది. సుమారు 32 నుంచి 40 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి కావాలి.

చివరి వాక్యాన్ని మరోసారి చదవండి. గట్టిపడే ఉష్ణోగ్రతకు, కరిగే ఉష్ణోగ్రతకు మధ్య ఇంత దూరం ఉండటమే చైనా గ్రాస్ ప్రత్యేకత. 45 డిగ్రీల ఎండరోజున కూడా ఈ పొర కరగదు. వేడి ప్రాంతాలకు ఇది సరైన ఎంపిక అవడానికి కారణం ఇదే.

అయితే ఒక చిక్కు ఉంది. చల్లని దేశాల్లో చైనా గ్రాస్ మిశ్రమం బల్ల మీద పెట్టినా గట్టిపడుతుంది. చండ్రుగొండలో మే నెల మధ్యాహ్నం వంటగదే 40 డిగ్రీలు ఉంటే, అది గట్టిపడవలసిన ఉష్ణోగ్రతకు దిగే అవకాశమే లేదు. గంటసేపు చూసి, "పొడి మంచిది కాదు" అని మరికాస్త వేస్తాం. ఆ తరవాత ఫ్రిజ్‌లో పెట్టేసరికి పొర రబ్బరులా బిగుసుకుంటుంది. పొడి పెంచడం దీనికి పరిష్కారం కాదు. గ్లాసులను చల్లటి నీటి పళ్లెంలో ఉంచి, మిశ్రమాన్ని గట్టిపడే ఉష్ణోగ్రతకు దించాలి.

చైనా గ్రాస్‌కు కూడా పులుపుతో జాగ్రత్త అవసరం. పుల్లటి రసంలో వేసి మరిగిస్తే దాని పొడవాటి అణువుల గొలుసులు తెగి, గట్టిపడే శక్తి తగ్గుతుంది. కాబట్టి నీటిలో విడిగా మరిగించి, పొయ్యి దించిన తరవాతే రసంలో కలపాలి.

9.5 తయారీ విధానం

9.5.1 కావలసిన పదార్థాలు (పావు లీటరు పట్టే 6 గాజు గ్లాసులకు)

అడుగు పొర: మారీ లేదా గ్లూకోజ్ బిస్కెట్లు 120 గ్రాములు, కరిగించిన నెయ్యి 40 గ్రాములు.

మధ్య పొర: కమ్మటి గట్టి పెరుగు 1 కిలో (వడకట్టిన తరవాత సుమారు 450 గ్రాములు అవుతుంది), మెత్తని చక్కెర పొడి 80 గ్రాములు, ఒక నిమ్మకాయ తొక్క తురుము, నిమ్మరసం 1 పెద్ద చెంచా, చైనా గ్రాస్ పొడి 3 గ్రాములు, నీరు 150 మిల్లీలీటర్లు.

పై పొర: బత్తాయిలు 6 (ఐదింటి రసం సుమారు 300 మిల్లీలీటర్లు, ఒకదాని తొనలు), చక్కెర 40 గ్రాములు, చైనా గ్రాస్ పొడి 4 గ్రాములు, నీరు 150 మిల్లీలీటర్లు.

చైనా గ్రాస్ పొడి ఒక చిన్న చెంచా తలకొట్టి కొలిస్తే సుమారు 2 గ్రాములు ఉంటుంది. పోగులు దొరికితే అంతే బరువు తీసుకుని, ముక్కలుగా తుంచి, అరగంట నీటిలో నానబెట్టి వాడండి.

9.5.2 ముందురోజు చేయవలసిన పని

పెరుగును పల్చని శుభ్రమైన గుడ్డలో మూటగట్టి, జల్లెడలో ఉంచి, కింద గిన్నె పెట్టండి. ఈ గిన్నెను రాత్రంతా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వంటగదిలో మేకుకు వేలాడదీస్తే ఎండాకాలంలో పెరుగు తెల్లవారేసరికి పుల్లబడుతుంది. కిందికి దిగిన పెరుగు నీటిని పారబోయకండి. మజ్జిగలోనో, రొట్టెల పిండిలోనో కలుపుకోవచ్చు.

రెండు లీటరు సీసాల్లో ముప్పావు వంతు నీరు నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇవి రెండు విధాల పనికొస్తాయి. పొరలను గట్టిపరిచే నీటి పళ్లేన్ని చల్లబరుస్తాయి. కరెంటు పోతే ఫ్రిజ్‌లో చల్లదనాన్ని నిలుపుతాయి.

9.5.3 అడుగు పొర

బిస్కెట్లను రవ్వలా పొడి చేసి నెయ్యి కలపండి. పిడికిట్లో నొక్కితే ఉండగా నిలిచి, వదిలితే విరిగేలా ఉండాలి. ఒక్కో గ్లాసులో నాలుగు పెద్ద చెంచాలు వేసి, చెంచా వెనక వైపుతో అదిమి, గ్లాసులను ఫ్రిజ్‌లో పెట్టండి. ఎండలో నెయ్యి ద్రవంగానే ఉంటుంది కాబట్టి చల్లబడి పేరుకునేవరకు, అంటే కనీసం అరగంట, ఈ పొరను కదిలించకండి.

9.5.4 మధ్య పొర

వడకట్టిన పెరుగును పని మొదలుపెట్టడానికి సుమారు అరగంట ముందు బయటకు తీసి, చక్కెర పొడి, నిమ్మతొక్క తురుము కలిపి నున్నగా గిలకొట్టండి. పెరుగు చల్లగా ఉండకూడదు అనడానికి కారణాన్ని లెక్కతో చూద్దాం. మరిగించి దించిన 150 మిల్లీలీటర్ల చైనా గ్రాస్ నీరు సుమారు 90 డిగ్రీలు ఉంటుంది. దాన్ని 30 డిగ్రీలున్న 450 గ్రాముల పెరుగులో కలిపితే మిశ్రమం సుమారు 45 డిగ్రీలకు చేరుతుంది. పోయడానికి ఇది సరిపోతుంది. అదే 5 డిగ్రీలున్న పెరుగులో కలిపితే మిశ్రమం 26 డిగ్రీలకు పడిపోతుంది. అంటే కలుపుతుండగానే చైనా గ్రాస్ గట్టిపడి, సేమ్యా ముక్కల్లాంటి పలుకులు వస్తాయి.

చైనా గ్రాస్ పొడిని చన్నీటిలో వేసి కలిపి, తరవాత పొయ్యి మీద పెట్టండి. మరుగు వచ్చాక సన్నని మంట మీద రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉంచితే నీరు తేటగా మారుతుంది. పలుకులు కనిపించకూడదు. దించి, పెరుగులో సన్నని ధారగా పోస్తూ ఆపకుండా గిలకొట్టండి. చివరగా నిమ్మరసం కలిపి గ్లాసుల్లో సమంగా పోయండి.

వెడల్పాటి పళ్లెంలో రెండు అంగుళాల నీరు పోసి, గడ్డకట్టిన సీసా ఒకటి అందులో పడుకోబెట్టి, గ్లాసులను అమర్చండి. నీరు గ్లాసుల్లోకి చిందకుండా చూసుకోండి. పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో పొర నిలబడుతుంది.

9.5.5 పై పొర

మధ్య పొర గట్టిపడుతుండగా బత్తాయిలు కడిగి, అడ్డంగా కోసి, గింజలు చితకకుండా రసం తీసి వడకట్టండి. మిగిలిన ఒక పండు తొనలపై పొరలు, గింజలు తీసి, గుజ్జును చిన్న ముక్కలుగా చేయండి.

చైనా గ్రాస్‌ను ముందు చెప్పినట్టే నీటిలో మరిగించి, చక్కెర కరిగించి దించండి. దాన్ని రసంలో పోస్తూ కలపండి. ఫ్రిజ్‌లో నుంచి తీసిన పండ్ల రసమైతే ముందు గది వేడికి రానివ్వాలి. కలిపిన తరవాత మిశ్రమం సుమారు 50 డిగ్రీలు ఉంటుంది. ఉష్ణమాపకం లేకపోతే గిన్నెను చేత్తో తాకి చూడండి. వేడిగా తగలాలి, కానీ చేయి తీసేయవలసినంత వేడి ఉండకూడదు.

మధ్య పొరను వేలితో మెల్లగా తాకండి. వేలికి అంటకుండా, కొద్దిగా జిగురుగా అనిపిస్తే అదే సరైన సమయం. తొనల ముక్కలు పరిచి, చెంచా వెనక వైపు మీదుగా మిశ్రమాన్ని నెమ్మదిగా పోయండి. నేరుగా పోస్తే ధార బలానికి కింది పొరలో గుంట పడుతుంది. నీటి పళ్లెంలో మరో పావుగంట ఉంచి, మూతలు పెట్టి, ఫ్రిజ్‌లో కనీసం 3 గంటలు ఉంచండి.

9.6 తరచుగా ఎదురయ్యే లోపాలు, కారణాలు

పొరలు జారిపోవడం: చెంచా పెట్టగానే పై పొర మొత్తం ఊడి వస్తుంది. కింది పొర పూర్తిగా బిగిసి, చల్లబడి, దాని మీద నీరు చేరిన తరవాత పై పొర పోస్తే ఇలా జరుగుతుంది. ఆలస్యమైతే కింది పొర మీది తడిని శుభ్రమైన గుడ్డతో అద్ది, ఫోర్కుతో సన్నగా గీతలు గీసి, ఆ తరవాత పోయండి. గరుకు మీద పై పొరకు పట్టు దొరుకుతుంది.

పొరలు కలిసిపోవడం: కింది పొర నిలబడకముందే తొందరపడ్డారని అర్థం. రంగుల మధ్య గీత చెదిరినా రుచికి లోటుండదు.

నీరు ఊరడం: చైనా గ్రాస్ పొర కాలం గడిచేకొద్దీ బిగుసుకుంటూ కొంత నీటిని బయటకు వదులుతుంది. రెండో రోజుకు ఇది ఎక్కువవుతుంది. చేసిన రోజే తినడానికి ఇదొక కారణం. చేదెక్కడం మరొకటి.

రబ్బరులా బిగుసుకోవడం: పొడి ఎక్కువైంది. ముందు పరిమాణంలో పావు వంతు తగ్గించి చూడండి.

అసలు గట్టిపడకపోవడం: చైనా గ్రాస్ సరిగా మరగలేదు, లేదా రసంతో కలిపి మరిగించారు, లేదా మిశ్రమం ఇంకా 40 డిగ్రీలకు దిగలేదు. మూడింటిలో చివరిదాన్ని ముందు పరీక్షించండి. ఒక చెంచాడు మిశ్రమాన్ని చల్లటి ప్లేటు మీద వేసి రెండు నిమిషాలు ఆగండి. అక్కడ గట్టిపడితే లోపం మీ వంటలో లేదు, గది వేడిలో ఉంది.

అవగాహనను పరీక్షించుకోండి - II

3. చైనా గ్రాస్‌ను పండ్ల రసంలో వేసి ఎందుకు మరిగించకూడదు?
4. 40 డిగ్రీల గదిలో చైనా గ్రాస్ మిశ్రమం గట్టిపడకపోతే ఏం చేయాలి?

9.7 గట్టిదనం వేరు, భద్రత వేరు

ఇప్పుడు మొదట అడిగిన రెండో ప్రశ్నకు వద్దాం. మే నెలలో చండ్రుగొండలో ఒక ఇంటికి సెలవులకు మనవలు వచ్చారనుకుందాం. నానమ్మ పొద్దున్నే డెజర్ట్ చేసి ఫ్రిజ్‌లో పెట్టింది. పదకొండు గంటలకు కరెంటు పోయి, సాయంత్రం ఐదుకు వచ్చింది. ఈలోగా పిల్లలు నీళ్ల కోసం పదిసార్లు ఫ్రిజ్ తలుపు తీశారు. సాయంత్రం తీసి చూస్తే గ్లాసులు చెక్కుచెదరలేదు. మూడు పొరలూ నిటారుగా ఉన్నాయి. వడ్డించవచ్చా?

జెలటిన్‌తో చేసి ఉంటే, ఫ్రిజ్ బాగా వేడెక్కినప్పుడు అది కరిగి కొంత హెచ్చరిక ఇచ్చే అవకాశం ఉండేది.  చైనా గ్రాస్ 85 డిగ్రీల దాకా కరగదు కాబట్టి ఆ హెచ్చరిక ఇవ్వదు. మనం మెచ్చుకుని ఎంచుకున్న గుణమే ఇక్కడ మనల్ని ఏమరుపాటుకు గురిచేస్తుంది. పొర నిలబడి ఉందంటే సముద్రపు నాచు తన పని చేసిందని మాత్రమే అర్థం. పెరుగులో, తొనల్లో సూక్ష్మజీవులు పెరిగాయో లేదో అది చెప్పదు. వాసన, రుచి కూడా ప్రతిసారీ చెప్పలేవు. రోగం కలిగించే సూక్ష్మజీవుల్లో కొన్ని ఆహారం వాసనను మార్చవు.

సూక్ష్మజీవులు వేగంగా పెరిగే 5 నుంచి 60 డిగ్రీల మధ్య పరిధిని ప్రమాద పరిధి అంటారు. సులువుగా చెడిపోయే ఆహారం ఈ పరిధిలో మొత్తం 2 గంటలకు మించి ఉండకూడదు. గది 32 డిగ్రీల కంటే వేడిగా ఉంటే ఆ గడువు 1 గంటే. చండ్రుగొండ ఎండాకాలానికి వర్తించేది ఈ ఒక గంట నియమమే. పెరుగులోని పులుపు కొంత రక్షణ ఇస్తుంది గానీ, చక్కెర, నీరు, పచ్చి పండు ముక్కలు చేరిన తరవాత దాని మీదే ఆధారపడటం సరికాదు. తలుపు తెరవకుండా ఉంచిన ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. గది బాగా వేడిగా ఉన్నా, తలుపు తరచు తెరిచినా ఆ సమయం తగ్గుతుంది. పై ఉదాహరణలో ఆరు గంటలు గడిచాయి, తలుపు పదిసార్లు తెరిచారు. సమాధానం స్పష్టం. ఆ గ్లాసులను పిల్లలకు పెట్టకూడదు. చూడటానికి ఎంత బాగున్నా పారబోయాలి. చిన్నపిల్లలు, గర్భిణులు, వృద్ధులు తినేటప్పుడు ఈ విషయంలో రాజీ పడకూడదు.

పారబోయవలసిన పరిస్థితి రాకుండా కింది జాగ్రత్తలు తీసుకోండి.

అ) కరెంటు పోగానే గడియారం చూసి సమయం కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అంచనాలకు, వాదనలకు తావుండదు.

ఆ) గడ్డకట్టిన నీటి సీసాలను గ్లాసుల పక్కన పెట్టండి. ఒక గ్రాము మంచు కరగడానికి 80 క్యాలరీల వేడిని తీసుకుంటుంది. ఆరు గ్లాసుల డెజర్ట్ బరువు సుమారు 1,350 గ్రాములు. అది 30 డిగ్రీల మేర వేడెక్కడానికి సుమారు 40 కిలో క్యాలరీలు కావాలి. అర కిలో మంచు కరుగుతూ దాదాపు అంత వేడిని తానే తీసుకుంటుంది. గోడల గుండా, తలుపు గుండా వచ్చే వేడి అదనం కాబట్టి రెండు సీసాలు పెట్టడం మేలు.

ఇ) తాగేనీరు పిల్లల చేతికి అందేలా మట్టి కుండలో ఉంచండి. ఫ్రిజ్ తలుపు తీయవలసిన అవసరం తగ్గుతుంది.

ఈ) వేరే ఊరికి తీసుకువెళ్లాలంటే థర్మాకోల్ పెట్టెలో మంచుతో సర్దండి. బజారులో కొన్న ఐస్ గడ్డ తాగేనీటితో చేసినదన్న నమ్మకం లేకపోతే, దాన్ని సంచిలో కట్టి గ్లాసుల బయట మాత్రమే ఉంచండి. కరిగిన నీరు మూత సందుల్లోంచి లోపలికి పోకూడదు.

ఉ) వడ్డించే సమయానికి తిన్నన్నే బయటకు తీయండి. బయట పెట్టి మిగిలిన వాటిని మళ్లీ ఫ్రిజ్‌లో దాచకండి.

ఈ వంటకాన్ని చేసి అమ్మాలనుకుంటే, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 కింద నమోదు అవసరం అని గుర్తుంచుకోండి. ఇంటి వంటగదిలో చేసి అమ్మినా ఈ నియమం వర్తిస్తుంది. తయారుచేసిన తేదీ, సమయం ప్రతి గ్లాసు మీద రాయడం అలవాటు చేసుకోండి. ఒక్కో గ్లాసులో బిస్కెట్లలో ఉన్నది కాక 20 గ్రాముల చక్కెర ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి ఈ విషయం ముందే చెప్పాలి.

9.8 కృత్యం

రెండు గిన్నెల్లో అర కప్పు నీరు, ఒక్కో గ్రాము చైనా గ్రాస్ పొడి తీసుకోండి. మొదటి గిన్నెలో రెండు పెద్ద చెంచాల నిమ్మరసం ముందే వేసి ఐదు నిమిషాలు మరిగించండి. రెండో గిన్నెను రసం లేకుండా అంతేసేపు మరిగించి, దించిన తరవాత అంతే నిమ్మరసం కలపండి. రెండింటినీ ఒకే నీటి పళ్లెంలో చల్లబరచండి. ఏది ఎంత సేపట్లో గట్టిపడింది, వేలితో నొక్కితే ఏది విరిగింది అన్నవి రాసుకోండి. ఆ రోజు వంటగది ఉష్ణోగ్రత కూడా నమోదు చేసి, మీ పరిశీలనలను అధ్యయన కేంద్రంలో తోటి విద్యార్థులతో చర్చించండి.

9.9 సారాంశం

పొరల డెజర్ట్‌లో రసానికి బత్తాయి, సువాసనకు నిమ్మతొక్క, నున్నదనానికి వడకట్టిన పెరుగు వాడాం. రసాన్ని చివర తీసి, వేడి చేయకుండా వాడటం వల్ల చేదు తగ్గుతుంది. పెరుగులో కేసిన్ ముందే గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పులుపు కలిపినా పొర విరగదు. చైనా గ్రాస్ 32 నుంచి 40 డిగ్రీల మధ్య గట్టిపడి, సుమారు 85 డిగ్రీల దాకా కరగకుండా నిలుస్తుంది కాబట్టి వేడి ప్రాంతాలకు అనువైనది. ఎండాకాలంలో దాన్ని గట్టిపరచడానికి చల్లటి నీటి పళ్లెం అవసరం. పొరలు నిలబడినంత మాత్రాన ఆహారం సురక్షితమని భావించరాదు. భద్రతను నిర్ణయించేవి ఉష్ణోగ్రత, సమయం, శుభ్రత.

9.10 కీలక పదాలు

అగర్: ఎర్రటి సముద్రపు నాచు నుంచి తీసే, గట్టిపరిచే పదార్థం. వాడుకలో చైనా గ్రాస్.
కేసిన్: పాలలోని ప్రధాన మాంసకృత్తు. పి.హెచ్. 4.6 దగ్గర గడ్డకడుతుంది.
లిమోనిన్: నిమ్మజాతి పండ్ల రసంలో ఆలస్యంగా ఏర్పడే చేదు పదార్థం.
నీరు ఊరడం: గట్టిపడిన పొర బిగుసుకుంటూ నీటిని వదలడం.
ప్రమాద పరిధి: సూక్ష్మజీవులు వేగంగా పెరిగే 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉష్ణోగ్రత.

9.11 అవగాహన ప్రశ్నలకు సమాధానాలు

1. పెరుగులో కేసిన్ ముందే గడ్డకట్టి ఉంటుంది. నిమ్మరసం కలిపినా కొత్తగా విరగదు.
2. లిమోనిన్.
3. పులుపులో మరిగితే అగర్ అణువుల గొలుసులు తెగి, గట్టిపడే శక్తి తగ్గుతుంది.
4. పొడి పెంచకుండా, గ్లాసులను చల్లటి నీటి పళ్లెంలో ఉంచి మిశ్రమం ఉష్ణోగ్రతను తగ్గించాలి.

9.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జెలటిన్, మొక్కజొన్న పిండి, చైనా గ్రాస్‌లను పోల్చి, వేడి ప్రాంతాలకు ఏది అనువైనదో కారణాలతో వివరించండి.
2. "పొర నిలబడింది కాబట్టి తినవచ్చు" అన్న అభిప్రాయాన్ని మీ ఊరి పరిస్థితులను దృష్టిలో ఉంచుకుని పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బత్తాయి రసం చేదెక్కడానికి కారణాలు, నివారణ మార్గాలు తెలపండి.
2. డెజర్ట్ పొరలు జారిపోవడానికి కారణం ఏమిటి? దాన్ని ఎలా సరిచేయవచ్చు?
3. కరెంటు కోత సమయంలో చల్లని తీపి పదార్థాలను కాపాడుకునే జాగ్రత్తలు రాయండి.